బెజవాడ పచ్చదారుల మ్యాప్: ఎక్కడెక్కడ తెగిందో చెప్పండి

గట్టుమీద_నడక
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఒక మ్యాప్ మొదలుపెట్టాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మన ఊళ్లో పచ్చదనం మాటెత్తితే వెంటనే పార్కుల జాబితా చదువుతారు. రాఘవయ్య పార్కు, రాజీవ్‌గాంధీ పార్కు, నది మధ్యలో భవానీ ద్వీపం. ఎన్ని ఎకరాలు, ఎన్ని మొక్కలు నాటారు, ఫొటో, అయిపోయింది. నాకు ఆ లెక్క వద్దు. ఇంద్రకీలాద్రి మీదున్న ప్రాణి ఏదైనా గుణదల కొండకి చేరాలంటే దారి ఉందా? ఉంటే ఎక్కడిదాకా? ఏ సందులో, ఏ రోడ్డు దగ్గర ఆగిపోతోంది? అది గీయాలని.

కాగితం మీద చూస్తే బెజవాడకున్న అదృష్టం చాలా ఊళ్లకి లేదు. దక్షిణాన కృష్ణ, ఉత్తరాన బుడమేరు, వాయవ్యాన కొండపల్లి అడవి, ఊరి నడుమ గాంధీ కొండ, మొగల్రాజపురం, మాచవరం, గుణదల కొండలు. వీటి మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఊళ్లోంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా కాలువలు అవే. కొత్తగా కట్టాల్సిందేమీ లేదు, తెగినచోట కలపడమే. కానీ తెగిన చోట్లు ఉపగ్రహ చిత్రంలో సరిగా కనబడవు. ఆ వీధిలో ఉన్నవాళ్లకే తెలుస్తాయి.

మీ ఇంటి దగ్గర కాలువ గట్టు, కొండ వాలు, పాత తోట, ఖాళీ స్థలం, చెట్ల వరస ఏదున్నా అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాయండి.


పాలపిట్ట
శనివారం రాత్రి 9:50

మంచి పని. కానీ "ప్రాణి ఏదైనా" అన్నారు చూడండి, అక్కడే చిక్కు. ఏ ప్రాణికి?

లకుముకిపిట్టకి కాలువ తెగడమనేదే లేదు. వంతెన వస్తే పైనుంచో కిందనుంచో పోతుంది. ఉడుతకి కొమ్మా కొమ్మా కలవాలి, లేదంటే ప్రాణాలకి తెగించి రోడ్డు దాటాలి. కప్పకి చెట్లతో పనేముంది, తడి నేల కావాలి, అడుగున్నర సిమెంటు గోడ అడ్డొస్తే దాని ప్రయాణం అక్కడితో సరి. గబ్బిలం రాత్రికి పదుల కిలోమీటర్లు ఎగురుతుంది, దానికి కావాల్సింది దారి కాదు, దారిలో మేడి, రావి, జువ్వి చెట్లు.

ఒకే మ్యాప్ గీస్తే అది ఎవరికీ పనికిరాదు. పోలీసు రూట్ మ్యాప్ చూసి బస్సెక్కలేం కదా.


గట్టుమీద_నడక
శనివారం రాత్రి 10:20

నిజమే, అందుకే మూడు పొరలు అనుకుంటున్నా: ఉడుత, కప్ప, గబ్బిలం. కొమ్మల దారి, తడి దారి, పండ్ల దారి. మీరే మూడూ చెప్పేశారు కాబట్టి పేర్లు ఖాయం.

పద్ధతి ఇది. ఊరిని పది మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని దాటడం ఆ ప్రాణికి ఎంత కష్టమో ఒక అంకె వేస్తాం. ఉడుత పొరలో చెట్ల గుబురుకి 1, ఖాళీ నేలకి పది పన్నెండు, బందరు రోడ్డుకి కొన్ని వందలు. అంకెలు మనం వేసుకునేవే, వేదవాక్కులేం కావు. తర్వాత ఒక పచ్చ ముక్క నుంచి ఇంకో ముక్కకి అన్నిటికన్నా తక్కువ కష్టంతో పోయే దారి ఏదో కంప్యూటర్ వెతుకుతుంది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలూ ఉచితం. ల్యాప్‌టాప్ ఉంటే చాలు.


పిక్సెల్_పంతులు
శనివారం రాత్రి 11:05

ఈ పని చేసి ఉన్నవాడిగా ఒక మాట. ఉపగ్రహ చిత్రంలో పచ్చదనాన్ని కొలిచేది ఎన్డీవీఐతో. ఆకులు ఎర్ర కాంతిని పీల్చుకుని, మన కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని తిప్పికొడతాయి. ఆ తేడాని బట్టి అంకె వస్తుంది. ఆకు ఏ చెట్టుదో దానికి అక్కర్లేదు.

ఇప్పుడు మన కాలువలు తలుచుకోండి. గుర్రపుడెక్క నిండా కమ్ముకున్న చోట ఎన్డీవీఐ అడవిని మించి మెరుస్తుంది! నేను మొదటిసారి చూసినప్పుడు ఊళ్లో అన్నిటికన్నా పచ్చని చోటు మురుగు కలిసే కాలువ వంపు. డివైడర్ల మీద కోనోకార్పస్ (అందం కోసం నాటే విదేశీ మొక్క) వరసలు కూడా అంతే, తెరమీద బ్రహ్మాండం. దగ్గరికెళ్లి చూడండి, పిట్ట గూడు కనబడదు. కొత్తగా నాటొద్దని తెలంగాణలో 2022లో, గుజరాత్‌లో 2023లో చెప్పారు. ఇక్కడ ఇంకా నర్సరీల్లో అమ్ముతూనే ఉన్నారు.

అందుకని రెండు కాలాల చిత్రాలు పెట్టుకోండి. కాలువలకి నీళ్లు కట్టేసిన ఏప్రిల్-మే నెలల్లో ఒకటి, వానలు వెనకబట్టాక అక్టోబరులో ఒకటి. రెండింట్లోనూ పచ్చగా ఉన్నది చెట్టు. ఒక్కదాంట్లోనే ఉన్నది గడ్డో, పైరో, గుర్రపుడెక్కో. ఆపైన ఇంకో చిన్న తలనొప్పి ఉంది: పది మీటర్ల గడిలో గట్టు మీది ఒంటివరస చెట్లు సగమే పడతాయి. మిగతా సగం నీరో రోడ్డో. ఉడుతకేమో ఆ ఒంటివరసే అసలు దారి. అక్కడ నడిచి రాసుకోవడం తప్ప గతి లేదు.


లస్కర్_తాత
ఆదివారం ఉదయం 6:15

నేను కాలువల మీద లస్కరుగా (నీళ్లూ గట్లూ చూసుకునే పని) చేసి రిటైరైనవాణ్ణి. మా మనవరాలు టైపు చేస్తోంది.

మీరు గట్టు గట్టు అంటున్నారు గానీ అది తెగకుండా ఎందుకు కట్టారో ఎవరూ చెప్పలేదు. ఈ కాలువలు పొలాలకి మాత్రమే తవ్వినవి కాదు బాబూ, పడవలు నడిచినవి. ధాన్యం, కలప అన్నీ నీళ్ల మీదే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. గట్టు మధ్యలో తెగితే పడవ ఆగిపోతుంది. అందుకని మొదటినుంచీ ఒక పక్కన్నా మనిషి నడిచే దారి ఏకధాటిగా ఉంచారు. లాకులు కట్టింది కూడా పడవని ఎత్తు నుంచి పల్లానికి దించడానికే. పడవలు పోయాయి, లారీలు వచ్చాయి, గట్టుని ఎవరూ పట్టించుకోలేదు.

లాకుల దగ్గర రావిచెట్టు, గట్టెంట నల్లతుమ్మ, తాడి, అక్కడక్కడ కానుగ. నేను చేరినప్పుడు అట్లా ఉండేది. కాలువకి నీళ్లు కట్టేశాక గుంటల్లో మిగిలిన నీళ్లలో చేపల కోసం కొంగలు దిగేవి, నత్తగొట్టు కొంగలైతే బురదంతా వాటివే. గట్టుకి సిమెంటు లైనింగు వేసినచోట ఆ గుంటలు మిగలవు. నీళ్లు జారిపోతాయి, నేల ఎండిపోతుంది. నీళ్లు వృథా పోకుండా లైనింగు కావాల్సిందే, చివరి భూములకి నీరందాలి, కాదనను. కానీ ఊళ్లో పారేచోట ఎవరి పొలం తడుస్తోంది చెప్పండి?


పాలపిట్ట
ఆదివారం ఉదయం 7:30

తాతగారూ, పడవ లాగిన దారి కబురు ఈ చర్చకే తలమానికం. అంటే గట్టు తెగకూడదన్న నియమం మనం కొత్తగా పెడుతున్నది కాదు, ఎప్పుడో ఉన్నదే.

కాలువ కట్టేసినప్పటి గుంటలు కూడా మ్యాప్‌లో గుర్తుపెట్టాలి. కప్పల పొరకి అవే ఆయువుపట్టు.


డెలివరీ_కుర్రాడు
ఆదివారం ఉదయం 11:40

అన్నా నాకు ఎన్డీవీఐ అదీ తెలీదు. కానీ ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా ఈ ఊళ్లో బండి మీద తిరిగితే నీడ ఎక్కడుందో ఒళ్లే చెప్తది. మాకందరికీ ఒక గ్రూపుంది, ఆర్డర్ రానప్పుడు ఎక్కడ ఆగాలో అందులో పిన్నులు పెట్టుకుంటాం. గవర్నర్‌పేటలో ఫలానా నిద్రగన్నేరు, పటమటలో ఫలానా వేప, కాలేజీ గోడ పక్క చింతలు.

బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా ఒక్క పిన్ను లేదు. ఆ ముక్కలో హెల్మెట్ తీస్తే నెత్తి మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. ఊరికే బ్లేజువాడ అనలేదు.

కావాలంటే పిన్నులన్నీ ఇస్తా.


గట్టుమీద_నడక
ఆదివారం మధ్యాహ్నం 12:05

తమ్ముడూ, బంగారం లాంటి సమాచారం అది. పెద్ద చెట్టు, కింద మనిషి నిలబడగల స్థలం, రోడ్డు పక్కనే. ఈ మూడూ ఉన్న చెట్టే కదా మీరు పిన్ను పెట్టేది. ఉడుతకీ మీకూ కావాల్సింది ఒకటే. పంపండి. పేర్లూ నంబర్లూ తీసేసి చెట్టు ఉన్నచోటు మాత్రం పంపండి చాలు.


కృష్ణలంక_వాసి
ఆదివారం సాయంత్రం 5:20

ఇంతసేపూ చదివాను. ఇక నా మాట వినండి. రేపు మీ మ్యాప్‌లో మా రిటైనింగ్ వాల్‌ని ఎర్రగీత పెట్టి "ఇక్కడ నదికీ ఒడ్డుకీ సంబంధం తెగింది" అని రాస్తారు. రాయండి, నిజమే. నీళ్ల తాబేలు ఆ గోడ ఎక్కలేదు, ఒప్పుకుంటా.

కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మేం ఇళ్లలో నిద్రపోగలిగింది ఆ గోడ వల్లే. అంతకుముందు వరద వస్తుందంటే సామాను మూట కట్టుకుని స్కూళ్లలో పడుకునేవాళ్లం. మా అమ్మ ఇప్పటికీ ఆగస్టు వస్తే బీరువా కింద ఇటుకలు పెడుతుంది.

పిట్టలూ కప్పలూ బాగుండాలి, మేమూ బాగుండాలి. గోడ మీద చెయ్యి వెయ్యాలన్న ఆలోచన ఈ మ్యాప్‌లో ఉంటే ముందే చెప్పండి, మేం వేరే చర్చ మొదలుపెడతాం.


పిక్సెల్_పంతులు
ఆదివారం సాయంత్రం 6:02

గోడ తీసేయమని ఎవరూ అనరండీ. కానీ గోడ లోపలివైపు పాదం దగ్గర మట్టి ఉన్నచోట ఏం పెంచాలి, గోడ మీద రాత్రంతా వెలిగే దీపాలు ఎటు తిరిగి ఉండాలి, ఇవి మన చేతుల్లో ఉన్న సంగతులే. నది మీదికి కొట్టే ఫ్లడ్ లైటు నేల మీదికి తిప్పితే మీకు వెలుతురు తగ్గదు, నీటి మీద పురుగుల్ని వేటాడే చిన్న గబ్బిలాలకి చీకటి మిగులుతుంది. ఖర్చు ఒక నిచ్చెన, ఒక స్పానర్.


పాయకాపురం_అక్క
ఆదివారం రాత్రి 8:45

కృష్ణలంక తమ్ముడూ, గోడ మిమ్మల్ని కాపాడింది, సంతోషం. మాకు ఆ రోజుల్లో గోడా లేదు, దారీ లేదు. బుడమేరు వచ్చి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, మా పాయకాపురం మీద కూర్చుంది. మొదటి అంతస్తులో ఉన్నవాళ్లు మేడ మీదికి, మేడ లేనివాళ్లు ఎక్కడికో. పాలప్యాకెట్ల కోసం ట్రాక్టరు ఎక్కి పోయాం.

నాకు పిట్టల సంగతి తెలీదు. కానీ బుడమేరుకి పక్కన ఖాళీ ఉండాలి అన్నది మాత్రం పీకల్లోతు నీళ్లలో నిలబడి నేర్చుకున్నా. ఆ ఖాళీని ఊరికే ఖాళీగా వదిలేస్తే తెల్లారేసరికి ప్లాటు రాళ్లు పాతుతారు. అక్కడ చెట్లుండి, పొద్దున్నే జనం నడుస్తూ ఉంటే అంత తేలిగ్గా పాతలేరు. కాబట్టి మీ మ్యాప్‌లో బుడమేరు ముందు పెట్టండి. ఉడుతలు తర్వాత.


లస్కర్_తాత
సోమవారం ఉదయం 6:30

అమ్మా, నీ మాటకి నా ఓటు. బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి వరదని డైవర్షన్ కాలువ గుండా కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ మళ్లింపు కాలువ గట్లకి గండ్లు పడితే నీళ్లు పాత దారి వెతుక్కుంటాయి. పాత దారిలో ఇళ్లున్నాయి. ఆ రోజు జరిగింది అదే. ఎనికెపాడు దగ్గర మళ్లీ కాలువ కిందనుంచి యూటీ (అండర్ టన్నెల్) లోంచి దూరి పోవాలి. అక్కడ చెత్తా గుర్రపుడెక్కా అడ్డుపడితే వెనక్కి తంతుంది.

మీ మ్యాప్‌లో యూటీలు, తూములు, కల్వర్టులు అన్నీ పెట్టండి. నీరు పోయే కంతలోంచే ముంగిసా పోతుంది, నీరుకట్టె పామూ పోతుంది.


గట్టుమీద_నడక
సోమవారం రాత్రి 9:30

అక్కా, ఒప్పందం. కప్ప పొర బుడమేరు నుంచే మొదలు. అసలు తడి దారి మ్యాప్, వరద దారి మ్యాప్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. పల్లపు నేలలే కాబట్టి చాలాచోట్ల ఒకటే గీత. రేపు సాయంత్రం చిత్రం పెడతాను, రంగులు మార్చాలి.

తాతగారి కంతల మాట బైపాస్‌కీ వర్తిస్తుంది. చిన్న అవుటుపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దాకా పోయే పశ్చిమ బైపాస్ ఊరికీ కొండపల్లి వైపు అడవికీ మధ్య అడ్డంగా పడింది. కొండపల్లిలో చిరుతలూ నక్కలూ అడవిపందులూ ఉన్నాయి. అవి ఊళ్లోకి రావాలని కాదు నా కోరిక (కంగారు పడకండి). ఆ అడవి ఒంటరి ముక్కగా మిగలకూడదని. రోడ్డు కింద వాగులకీ పొలం దారులకీ వదిలిన కంతలు ఎంత వెడల్పు, లోపల నేల మట్టా సిమెంటా, అటువైపు ఏముంది, చూసినవాళ్లు రాయండి. సింగపూర్‌లో 2013లో ఎక్స్‌ప్రెస్‌వే మీద 62 మీటర్ల పొడుగున మట్టి పోసి చెట్లు పెంచి ప్రాణుల వంతెన కట్టారు. దాని మీదుగా అలుగులు కూడా దాటాయి. మనకి అంత అక్కర్లేదు, ఉన్న కంతల్లో అడ్డం పడ్డ చెత్త తీస్తే సగం పని.


గుణదల_మామ
సోమవారం రాత్రి 10:15

అబ్బా సింగపూర్ వచ్చేసింది. ఏ చర్చలో అయినా నాలుగో పేజీకి సింగపూర్ రావాలి మనకి.

మీకు పాముల సంగతి పట్టదా? గట్టు మీద పొదలు పెంచండి, కలపండి అంటున్నారు. మా ఇల్లు కొండ వాలులో. వానాకాలంలో మెట్ల మీద ఏదో ఒకటి పాకుతూనే ఉంటుంది. పిల్లలున్న ఇళ్లు. "పచ్చదారి" అని పేరు పెట్టి మా గుమ్మం ముందు నుంచి పాముకి రోడ్డు వేస్తారా?


పాలపిట్ట
సోమవారం రాత్రి 11:00

మామగారూ, భయం న్యాయమైనదే, కొట్టిపారేయను. కాకపోతే మీ మెట్ల మీదికి పాము రావడానికి దారి ఉండటం కన్నా ఎలక ఉండటం పెద్ద కారణం. చెత్తకుండీ, ఎలకలు, వెనకాలే జెర్రిపోతు. జెర్రిపోతుకి విషం లేదు, అది తిరిగేచోట ఎలకలు తగ్గుతాయి. నాగుపాము, రక్తపింజర విషయంలో మాత్రం ఎవరూ ధైర్యాలు చెప్పకూడదు. కరిస్తే మంత్రం, నాటు మందు, కట్లు కట్టడం ఏమీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి నేరుగా యాంటీవెనం ఉన్న ఆస్పత్రికి.

గట్టు మీద ఇళ్ల వైపు నడిచే దారి, నీటి వైపు పొద. మధ్యలో పొట్టి గడ్డి. పాము గడ్డి దాటి వస్తే కనబడుతుంది. పొదని గుమ్మం దాకా ఎవరూ తెమ్మనడం లేదు. అన్నట్టు మీ కొండల మీద రాతిపగుళ్లలో వేళ్లు దిగిన జువ్వి, రావి ఉన్నాయి కదా. 2024 ఆగస్టు ఆఖరున మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కొండ వాలుని తొలుచుకుంటూ పోతే నష్టపోయేది పిట్టలొక్కటే కాదు.


గుణదల_మామ
మంగళవారం ఉదయం 7:10

అదీ నిజమే. అయినా నాకు నచ్చలేదు. పొట్టి గడ్డి ఎవరు కోస్తారు వారం వారం? చెప్పండి చూద్దాం.


గుంటూరు_కారం
మంగళవారం మధ్యాహ్నం 1:30

కృష్ణ అవతల నుంచి ఒక మాట. మాకు గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు వందలకొద్దీ గూళ్లు పెడతాయి. జనం వెళ్లి ఫొటోలు తీసుకుని "అబ్బ, పక్షులకి ఎంత చోటిచ్చారో" అంటారు. ఆ చెరువులో చేపలతో అన్ని కడుపులు నిండవు సార్. ఉప్పలపాడు వాటికి పడకగది, వంటగది ఎక్కడో దూరాన ఉన్న చెరువులూ కాలువలూ. చెరువుకి కంచె వేసి, అవతల చెరువులు పూడ్చేస్తే ఏం లాభం?

మీ మ్యాప్‌లో దయచేసి బెజవాడ ఊరి హద్దు దగ్గర గీత ఆపొద్దు. తాడేపల్లి, ఉండవల్లి కొండ, కొండవీటివాగు, మంగళగిరి ఇవన్నీ నదికి ఇటువైపు మెట్లు. తూర్పున కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన తడినేలల పట్టిక) ఉన్న సరస్సు. నదీ కాలువలూ కలిపితే ఇదంతా ఒకటే వల.

ఇంకొకటి. గబ్బిలాల పొర పెట్టారని సంతోషం. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించేదాకా పండ్లు తినే గబ్బిలాన్ని కాకితో, ఎలకతో కలిపి హానికర జంతువుల పట్టికలో పెట్టి ఉంచారు. మా పేటలో పెద్ద చింతచెట్టు మీద వేలాడేవి, "దరిద్రం" అని బాణాసంచా కాల్చి తరిమారు. చెట్టు ఉంది, అవి లేవు. దాన్ని మ్యాప్‌లో ఎలా చూపిస్తారు?


గట్టుమీద_నడక
మంగళవారం రాత్రి 9:00

గుంటూరు సోదరా, చివరి ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఇది: ప్రతి చెట్టు పిన్నుకీ రెండు గడులు పెడదాం. "ఇప్పుడు ఏముంటోంది", "ఇదివరకు ఏముండేది". రెండోది పెద్దవాళ్లని అడిగి రాయాలి. ఖాళీ గూడు కూడా సమాచారమే.

హద్దు మాట ఒప్పుకుంటున్నా. భవానీ ద్వీపం నుంచి ఉండవల్లి దాకా ఒక పొడుగు ముక్క అదనంగా గీస్తా. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ వెబ్‌సైట్లలో జనం తాము చూసిన పిట్టలూ ప్రాణుల గురించి పెట్టినవి కూడా తీసుకుంటా. కానీ అవి చూస్తే నవ్వొస్తుంది. పక్షులన్నీ బ్యారేజీ మీదా భవానీ ద్వీపంలోనే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే కెమెరాలున్నవాళ్లు ఆదివారం వెళ్లేది అక్కడికే. పాయకాపురంలో పక్షులు లేవని కాదు, చూసి రాసినవాళ్లు లేరు.


కట్టమీద_గుడిసె
మంగళవారం రాత్రి 10:40

ఇన్ని మాటలాడారు, మా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కాలువ గట్టు మీద పుట్టి పెరిగినవాణ్ణి నేను. మీరు "గట్టు తెగింది" అన్నప్పుడల్లా తెగిన చోట ఉన్నది మా ఇళ్లు. సుందరీకరణ అన్నా మమ్మల్నే లేపారు, పార్కు అన్నా మమ్మల్నే. ఊరవతల కట్టిచ్చిన ఇళ్ల నుంచి మా అమ్మ ఇళ్లలో పాచిపనికి రెండు బస్సులు మారి రావాలి.

రేపు మీ మ్యాప్ పట్టుకుని ఎవరో ఆఫీసరు వస్తాడు. "పచ్చదారికి అడ్డం" అని మా మీద గీత గీస్తాడు. ఆయన చేతికి ఆ గీత ఇచ్చేది మీరే. పక్కనే కాలువ మీదికి పిల్లర్లు దింపి కట్టిన కాంప్లెక్సు ఎన్డీవీఐలో కనబడుతుందా, మా రేకులేనా?

మా వీధిలో ప్రతి గుమ్మం ముందు మునగచెట్టో, గన్నేరో, కరివేపో ఉంది. అవి కూడా మీ గళ్లలో పడతాయా?


పిక్సెల్_పంతులు
బుధవారం ఉదయం 8:15

నేరుగా చెప్తాను. పడవు. పది మీటర్ల గడిలో రేకు, మునగచెట్టు కలిసి బూడిదరంగే వస్తుంది. కాంక్రీటు కాంప్లెక్సూ బూడిదే. మీరు అడిగింది మ్యాపులన్నిటికీ ఉన్న పాత రోగం. పైనుంచి చూస్తే పేదవాడి పెరడు కనబడదు.

అందుకే నేనొక షరతు పెడుతున్నా, గట్టుమీద_నడక గారు ఒప్పుకుంటేనే నేను ఈ పనిలో ఉంటా. ఇళ్లున్నచోట "తెగింది" అన్న మాటే వాడొద్దు. అక్కడ పొరకి వేరే రంగు: "ఇళ్లతో పాటు కలపాల్సినది". గుమ్మం ముందు చెట్లు, మధ్యలో రెండు మునగ, ఒక వేప పెరిగితే ఉడుతకి దారే. ఉడుతకి పట్టా అక్కర్లేదు. బెంగళూరులో దేవాంగపిల్లుల (చెట్ల మీదే తిరిగే చిన్న జంతువులు) కోసం జనం రాత్రిళ్లు తిరిగి రాసుకున్నప్పుడు కూడా కలిసిన కొమ్మలే వాటి దారని తేలింది.


గట్టుమీద_నడక
బుధవారం ఉదయం 9:00

ఒప్పుకున్నా. ఇంకొకటి కూడా చేర్చుతున్నా: ఇళ్లున్న ముక్కల్లో చెట్ల వివరాలు ఆ వీధివాళ్లు రాసిస్తేనే మ్యాప్‌లో పడతాయి, లేకపోతే ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది. కట్టమీద_గుడిసె గారూ, మీ వీధి మీరే రాస్తారా? పిల్లలతో కలిసైనా సరే.


కట్టమీద_గుడిసె
బుధవారం సాయంత్రం 6:50

రాస్తా. కానీ బయటికి పెట్టేముందు మా పేటవాళ్లకి ఒకసారి చూపించాలి. వాళ్లు వద్దంటే తీసేయాలి. అది మాట.


గట్టుమీద_నడక
బుధవారం సాయంత్రం 7:05

మాట.


పాలపిట్ట
బుధవారం రాత్రి 9:20

ఏం నాటాలన్న ప్రశ్న రాకముందే నేనే చెప్పేస్తా, ఎందుకంటే అది వచ్చిందంటే వెయ్యి మొక్కల కార్యక్రమం, బ్యానరు, ట్రీగార్డు మీద పేరు వరకూ పోతుంది. నీటి వైపు కానుగ, నేరేడు, మేడి. రోడ్డు వైపు వేప, పొగడ, నిద్రగన్నేరు మాత్రం వద్దు (దాని నీడ బాగుంటుంది గానీ గాలివానకి కొమ్మ విరుగుతుంది). కొండ మీద మనం నాటేది ఏమీ లేదు, తవ్వకుండా వదిలేస్తే అదే వస్తుంది. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు వద్దే వద్దు. ఏటా తీగల కోసం నడినెత్తి నరికేసి రెండు చేతులు చాచిన దిష్టిబొమ్మలా వదులుతారు, ఉడుతకి అది దారి కాదు, మనిషికి అది నీడ కాదు.

ఉన్న పెద్ద చెట్టుని కాపాడటం కొత్తవి వంద నాటడం కన్నా మేలు. నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి, మీ వీధిలో గొడ్డలి కనబడితే మొదట అడగాల్సింది ఆ కాగితం.


డెలివరీ_కుర్రాడు
బుధవారం రాత్రి 11:30

పిన్నులు పంపేశా అన్నా. గ్రూపులో అందరూ చేర్చారు, అజిత్‌సింగ్‌నగర్ వైపు కూడా వచ్చాయి. ఒక పిన్ను దగ్గర మావాడు "ఇక్కడ చెట్టు పోయిన నెల కొట్టేశారు" అని రాశాడు. అది ఉంచాలా తీసేయాలా?


గట్టుమీద_నడక
గురువారం ఉదయం 7:00

ఉంచండి. "ఇదివరకు" గడిలో వేస్తా.

ముక్కలు పంచుకుందాం. తాతగారు (మనవరాలితో) ఏలూరు లాకుల నుంచి గుణదల దాకా గట్టు. పాయకాపురం అక్క సింగ్‌నగర్ వంతెన నుంచి బుడమేరు పక్క. కృష్ణలంక సోదరుడు గోడ వెంబడి దీపాలు ఎటు తిరిగి ఉన్నాయో. గుంటూరు_కారం సీతానగరం నుంచి ఉండవల్లి. బందరు కాలువ యనమలకుదురు దాకా నేను. పాలపిట్ట గారు గబ్బిలం చెట్లు. గుణదల మామగారూ, మీ కొండ వాలు మెట్లు ఎవరన్నా రాస్తే బాగుండు.


గుణదల_మామ
గురువారం ఉదయం 7:25

నేను రాస్తా. పాము కనబడిన ప్రతి మెట్టూ రాస్తా. ఎర్ర చుక్క పెట్టాలి దానికి. పచ్చ పెడితే ఊరుకోను.


కృష్ణలంక_వాసి
గురువారం ఉదయం 8:10

దీపాలు చూస్తాను. గోడ జోలికి రాకుండా ఉంటే.


వేదిక_నిర్వాహకుడు
గురువారం ఉదయం 10:00

ఈ చర్చలో వచ్చిన ఫొటోల్లో ఇళ్ల నంబర్లు, బండి నంబర్లు, పిల్లల ముఖాలు కనబడేవి తొలగించాను. మళ్లీ పెట్టేవాళ్లు మసక చేసి పెట్టండి. గబ్బిలాల గుంపులుండే చెట్ల కచ్చితమైన చోటు కూడా బహిరంగంగా పెట్టొద్దు, వీధి పేరు చాలు. సింగపూర్ మీద నడుస్తున్న వాదన వేరే చర్చకి మార్చాను, అక్కడ కొట్టుకోండి.